పేరు లేని సామాను

మచిలీపట్నం,
20 జనవరి 2025.

అన్నయ్య గారికి కనకరత్నం నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీరు "ఆఁ? ఎవరూ?" అని అరుస్తారు. నేను "రత్నాన్నండీ, నాంచారయ్య పెళ్ళాన్ని" అని వీధంతా వినపడేట్టు అరుస్తాను. ఆఖరికి మీరు "రాంగ్ నంబరు" అని పెట్టేస్తారు. ఈ తిప్పలన్నీ ఎందుకని ఉత్తరం రాస్తున్నాను. మీ చెవులు ఎలాగూ రిటైరయ్యాయి, కళ్ళకైనా కాస్త పని పెడదామని. టెన్త్ పాసైనదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

పోలీసులు మన లారీ వదిలారండీ. తొమ్మిది నెలలు స్టేషను ఆవరణలో ఎండకి ఎండి వానకి తడిసింది. కోర్టు కాగితం చేతికి రాగానే ట్రాక్టరుకి కట్టించి బందరు లాక్కొచ్చాను. మీ షెడ్డు ఉంటే గుడివాడే తెచ్చేదాన్ని. మీరేమో మా ఆయన పోయిన నెల తిరక్కుండానే తాళం వేసేశారు. చెవులు పోతే చేతులు కూడా పోతాయా అన్నయ్య గారూ? సరే, మీ ఇష్టం. ఇక్కడ బైపాసు దగ్గర శ్రీహరి అని ఒక మెకానిక్కు ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, మాట మెత్తన, పని బాగానే తెలిసినట్టుంది. మా పిన్ని కూతురింట్లో దిగి, రోజూ షెడ్డుకెళ్ళి స్టూలేసుకుని కూర్చుంటున్నాను.

నిన్న పెద్ద గొడవైంది. మీరెప్పుడో రాసిచ్చిన చీటీ కాబిన్‌లో దొరికింది. సెల్ఫ్, డైనమో, కమాన్ కట్టలు, బూస్టర్ రబ్బరు అని ఉంది అందులో. శ్రీహరి రాసిన చీటీలో స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటరు, లీఫ్ స్ప్రింగులు, బ్రేక్ చాంబర్ డయాఫ్రం అని ఉంది. నేను రెండు చీటీలూ పట్టుకుని సామాన్ల కొట్టుకెళ్ళి ఎనిమిదీ ఇవ్వమన్నాను. కొట్టతను నా మొహం చూసి "ఎన్ని లారీలమ్మా మీకు?" అన్నాడు. ఒక్కటే అన్నాను. అతను కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. షెడ్డుకొచ్చి "నాలుగే రాశావు, గుడివాడాయన రాసిన నాలుగూ ఎక్కడ నొక్కేశావు?" అని శ్రీహరిని దులిపేశాను. పాపం, అతను కాఫీ తెప్పించి ఇచ్చి, "రెండూ ఒకటే అక్కా, ఊరూరికీ పేరు మారుద్ది" అన్నాడు. నేను నమ్మలేదు. మీరు చెబితే నమ్ముతాను.

అన్నయ్య గారూ, మీకు తెలియంది కాదు, అయినా రాస్తాను, రాస్తే గుండె కాస్త తేలిక పడుతుందేమోనని. పోయిన ఏప్రిల్ పంతొమ్మిదిన గుడివాడ నుంచి మా రొయ్యల చెరువుకి ఐసు వేసుకొస్తూ మా నాగాయలంక కాలవ మలుపు దగ్గర బండి ఉన్నట్టుండి కుడి పక్కకి తిరిగిపోయింది. చేపల తట్ట పెట్టుకుని ఆటో కోసం కూర్చున్న సులోచనని కొట్టి కాలవలో పడింది. ఆయన అక్కడే పోయాడు. సులోచన అవనిగడ్డ ఆసుపత్రికి చేరేలోపు పోయింది. తర్వాత బండి తనిఖీకి వచ్చిన ఆఫీసరు గట్టు మీద నుంచే చూసి, బండికేం లేదు, డ్రైవరు కునుకు తీసి ఉంటాడన్నాడు. ఆ మాట ఊరు పట్టుకుంది. సులోచన నాతో కలిసి పెరిగిన మనిషి. దాని కూతురు హారిక నన్ను అత్తా అని నోరారా పిలిచేది. ఇప్పుడు నేను ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతోంది.

ఇరవై రెండేళ్ళు తోలాడండీ ఆయన. కన్ను బరువెక్కితే బండి పక్కన ఆపి, రోడ్డు మీదే గోనె పరుచుకుని పడుకునే మనిషి. అలాంటివాడు పట్టపగలు నిద్రపోయాడంటే నేను ఒప్పుకోను. నాకు బండి నడవడం ఒక్కటే కాదు కావలసింది. ఆ రోజు ఏమైందో ఆ ఇనుములోనే ఎక్కడో ఉంటుంది. అది బయటపడితే ఆయన మీద పడ్డ మాట పోతుంది. అందుకే శ్రీహరి విప్పే ప్రతిదాని పేరూ, అది చేసే పనీ అడిగి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. అర్థం కానివి మీరు చెప్పాలి.

ఆ పొద్దున ఆయన మీ షెడ్డుకి వచ్చాడు కదా. బండి గురించి ఏమైనా అన్నాడా?

ఇట్లు,
కనకరత్నం


గుడివాడ,
27 జనవరి 2025.

చెల్లెమ్మ కనకరత్నానికి గంగాధరరావు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి చాలా రోజులకి నవ్వాను. ఎనిమిది సామాన్లు అడిగావంటే ఆ కొట్టువాడు ఈ కథ ఏడాది పాటు చెప్పుకుంటాడు. శ్రీహరి నిజమే చెప్పాడు. రెండు చీటీల్లో ఉన్నవీ అవే నాలుగు. ఆ అబ్బాయిని ఇంక దులపకు.

బండిని లేపే మోటారుని మేం సెల్ఫ్ అంటాం, వాళ్ళు స్టార్టర్ అంటారు. కమాన్ కట్టలంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బరువు మోయించే ఇనుప పట్టీలు. బండి నడుస్తుంటే బ్యాటరీని నింపే డైనమో సంగతి చెప్పాలంటే తప్పు మాదే. నీ బండిలో ఉన్నది ఆల్టర్నేటరే. డైనమోలున్న బండ్లు పోయి ఎన్నేళ్ళయిందో! మా గురువు డైనమో అన్నాడు, నేనూ అదే అన్నాను. సామాను పోయినా పేరు మా నోట్లో ఉండిపోయింది. ఇక బూస్టరంటే చక్రం దగ్గర గుండ్రంగా ఉండే డబ్బా. బ్రేకు తొక్కితే ట్యాంకులోని గాలి పైపులోంచి ఆ డబ్బాలోకి వస్తుంది. లోపల ఒక రబ్బరు ఉంటుంది. గాలి రబ్బరుని తోస్తుంది, రబ్బరు కడ్డీని తోస్తుంది, చక్రం ఆగుతుంది. ఆ రబ్బరునే అతను డయాఫ్రం అన్నాడు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు నాంచారయ్య వచ్చాడు, టీ తాగాడు, వెళ్ళాడు. బండి గురించి మాటేం రాలేదు.

అన్నగా ఒక మాట చెబుతాను, వినాలి. ఆ బండి బాగు చేయించకు. మనిషిని తిన్న బండి ఇంట్లో ఎందుకు? పాత ఇనుము కింద ఇచ్చెయ్. ముఖ్యంగా ముందు భాగం విప్పించకు. అంతా నుజ్జయి ఉంటుంది, విప్పినకొద్దీ పని పెరుగుతుంది. గుడివాడ రావాలని చూడకు. నాకు మోకాళ్ళు బాగుండటం లేదు, ఎవరొచ్చినా కూర్చుని మాట్లాడలేకపోతున్నాను. ఏం కావాలన్నా రాయి.

నీ శ్రేయస్సు కోరే,
గంగాధరరావు


మచిలీపట్నం,
11 ఫిబ్రవరి 2025.

అన్నయ్య గారికి,

మీ మాట ఎప్పుడూ కాదనలేదు. ఈసారి కాదంటున్నాను. పాత ఇనుము కింద ఇవ్వను. ఇచ్చేస్తే ఆయన నిద్రపోయాడన్న మాట కూడా ఆ ఇనుముతో పాటే కరిగి గడ్డకట్టి, ఇంకెవరూ విప్పలేకుండా అయిపోతుంది. మీరు కోప్పడినా సరే.

శ్రీహరికి క్షమాపణ చెప్పానండీ. ఇప్పుడు మేమిద్దరం దోస్తులం. ఇంటి నుంచి ఎండు రొయ్యల పొడి తెచ్చి ఇచ్చాను. అతను నాకు పాఠాలు చెబుతున్నాడు. కింగ్ పిన్ అంటే ఏమిటో నాకు తెలుసిప్పుడు. టై రాడ్ తెలుసు. క్లచ్ ప్లేటు చేత్తో పట్టుకుని చూశాను, అన్నం పళ్ళెం కంటే పెద్దది. నిన్నొక డ్రైవరు వచ్చి "సెల్ఫ్ తీసుకోవట్లేదు" అంటే, నేను స్టూలు మీద నుంచే "బ్యాటరీ చూశావా ముందు?" అన్నాను. షెడ్డంతా నవ్వారు. ఆయన ఉంటే ఎంత మురిసిపోయేవాడో. "నువ్వు రొయ్య చూసుకో, బండి నేను చూసుకుంటా" అనేవాడు ఎప్పుడూ. ఏం చెప్పబోయినా నేను కూడా "అబ్బ, నాకెందుకు ఆ ఇనుప గోల" అనేదాన్ని.

ఇవాళ ఒకటి దొరికింది. దాని పేరు శ్రీహరికి కూడా తెలియదట. మీరైతే చెబుతారు.

ముందు ఎడమ చక్రం విప్పాడు. మీరు చెప్పిన బూస్టర్ డబ్బా ఉంది కదండీ, దానికి గాలి తెచ్చే పైపు డబ్బాకి బిగించి లేదు. ఊడదీసి వేరేగా ఉంది. ఆ పైపు నోట్లో చూపుడు వేలంత బోల్టు ఒకటి బిగించి ఉంది. బోల్టు మరలకి నీలం దారం చుట్టారు. నేను ఆ దారం చూడగానే గుర్తుపట్టాను, మన వలలు అల్లే నైలాను దారం. ఆయన కాబిన్‌లో ఎప్పుడూ ఒక ఉండ ఉండేది. శ్రీహరి దాన్ని చాలాసేపు చూసి, "అక్కా, ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు. నాకేం తెలుసు నాయనా అన్నాను. దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, బయటికెళ్ళి నిలబడ్డాడు.

దాన్ని ఏమంటారండీ? కంపెనీవాళ్ళే పెడతారా? దేనికి పెడతారు? తొందరగా రాయండి.

కనకరత్నం


గుడివాడ,
17 ఫిబ్రవరి 2025.

చెల్లెమ్మా,

దాన్ని బ్లాంక్ ప్లగ్గు అంటారు. కొన్ని మోడళ్ళలో కంపెనీవాళ్ళే ఇస్తారు. కంగారుపడేదేం లేదు. దారం గాలి పోకుండా చుడతారు. ఎలా ఉందో అలాగే ఉంచమను. కొత్త కుర్రాళ్ళకి పాత మోడళ్ళ సంగతి తెలియదు.

ఒంట్లో బాగాలేదు. ఎక్కువ రాయలేకపోతున్నాను.

గంగాధరరావు


మచిలీపట్నం,
2 మార్చి 2025.

అన్నయ్య గారికి,

మీ ఉత్తరం పట్టుకుని గెలిచినదానిలా షెడ్డుకెళ్ళాను. "చూశావా, బ్లాంక్ ప్లగ్గంట, కంపెనీదంట, మా అన్నయ్య రాశాడు. ఎలా ఉందో అలా బిగించెయ్" అన్నాను. శ్రీహరి మీ ఉత్తరం చదివాడు. మడిచి నా చేతికిచ్చాడు. "నా చేత్తో మాత్రం అది వెయ్యనక్కా. కావాలంటే బండి వేరే షెడ్డుకి తీసుకెళ్ళు" అన్నాడు. నేను గయ్యిమన్నాను. మా అన్నయ్య నలభై ఏళ్ళుగా మెకానిక్కు, నువ్వెంత, నీ అనుభవమెంత అన్నాను. షెడ్డుకి వచ్చిన ఇంకో లారీ ఓనరుని బతిమాలి, దాని ముందు ఎడమ పైపుకి అదే బోల్టు బిగించి, నన్ను కాబిన్‌లో పక్క సీట్లో ఎక్కించుకుని, వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళాడు. "గట్టిగా పట్టుకో అక్కా" అన్నాడు. బ్రేకు తొక్కాడు.

బండి కుడి పక్కకి లాక్కుపోయిందండీ. అంత నెమ్మదిగా వెళ్తున్నా లాక్కుపోయింది. స్టీరింగు రెండు చేతులతో పట్టుకున్నా ఆగలేదు. ఖాళీ బండి అది. ఆయన బండిలో ఆ రోజు నిండా ఐసుంది.

నేను దిగి అక్కడే మట్టిలో కూర్చున్నాను. శ్రీహరి పక్కన కూర్చుని అంతా చెప్పాడు. రబ్బరు చిరిగితే గాలంతా అక్కడ పోతుందట, ట్యాంకు నిండదట, మిగతా బ్రేకులు కూడా పని చేయవట. కొత్త రబ్బరు వేసే తీరిక లేనప్పుడు ఆ ఒక్క చక్రానికి గాలి రాకుండా పైపు మూసేస్తారట. అప్పుడు మిగతా చక్రాలకి బ్రేకులుంటాయి, దానికి ఉండదు. "దీనికి పేరేం లేదక్కా, ఇది సామాను కాదు" అన్నాడు. మీరెందుకు బ్లాంక్ ప్లగ్గన్నారో నాకు అర్థమైంది. నన్ను బాధపెట్టలేక అన్నారు. అది ఎవరు పెట్టారో మీరు కూడా ఊహించే ఉంటారు.

ఆయనే పెట్టుకున్నాడండీ. వల దారం ఆయనది. తొందరలో ఆయన చేత్తో ఆయనే మూసుకుని వచ్చేశాడు. మీరు అలాంటి పని చేసే మనిషి కాదు, మీ దగ్గర టీ తాగి వెళ్ళాక దారిలో ఎక్కడో చేసుకుని ఉంటాడు. ఆయన నిద్రపోలేదని రుజువు చేద్దామని బయల్దేరాను. ఇప్పుడు చూస్తే, నిద్రపోయాడన్నదే నయం. నిద్ర మనిషి చేతుల్లో ఉండదు. ఇది తెలిసి చేసిన పని. నా మొగుడు తెలిసి తెలిసి బ్రేకు లేని బండి తోలి సులోచనని చంపేశాడు.

తిథి ప్రకారం ఏప్రిల్ ఎనిమిదిన సంవత్సరీకం. రెండిళ్ళలోనూ అదే రోజు. ఆ రోజు హారిక ఇంటికెళ్ళి, ఈ బోల్టు దాని చేతిలో పెట్టి, "మీ మావయ్యే చేశాడమ్మా, నిద్ర కాదు" అని చెప్పేస్తాను. ఊరు ఆయన్ని ఇంకెంత తిట్టుకున్నా తిట్టుకోనీ. ఆ పిల్లకి నిజం తెలియాలి. దాని తల్లి ఎందుకు పోయిందో తెలియకుండా అది ఎన్నాళ్ళని బతుకుతుంది?

మీకు చెప్పకుండా చేయడం ఇష్టంలేక రాశాను. ఆయన మిమ్మల్ని సొంత బావ కంటే ఎక్కువగా చూసుకున్నాడు. మీకూ బాధగానే ఉంటుంది.

కనకరత్నం


గుడివాడ,
9 మార్చి 2025.

కనకరత్నానికి,

హారిక దగ్గరికి ఆ మాట పట్టుకుని వెళ్ళకు. ఈ ఉత్తరం పట్టుకుని వెళ్ళు.

ఆ బోల్టు నేను పెట్టాను. నా చేతులతో పెట్టాను.

ఆ రోజు నాంచారయ్య టీ తాగి వెళ్ళాడని రాశాను. అబద్ధం. పది గంటలకి ఐసు ఎక్కించుకుని వచ్చి "గాలి నిలవట్లేదు బావా" అన్నాడు. కిందికి దూరి చూశాను. ముందు ఎడమ బూస్టరు రబ్బరు చిరిగి ఉంది. గుడివాడలో ఆ సైజు ఎక్కడా దొరకలేదు. బెజవాడ నుంచి తెప్పించాలి, సాయంత్రమవుతుంది. అతను "ఉండిపోతాను బావా, ఐసు పోతే పోయింది" అన్నాడు. నేనే "ఏం కాదు, మూసి పంపిస్తాను, నెమ్మదిగా వెళ్ళి రా, సాయంత్రానికి రబ్బరు తెప్పించి ఉంచుతాను" అన్నాను. అతను వద్దంటున్నా నేను వినలేదు. తప్పు మొత్తం నాది.

రొయ్యల సీజనులో షెడ్లన్నీ చేసే పనే ఇది. మూసి పంపడం అంటాం. రొయ్య ఆగదు, ఐసు ఆగదు, కాబట్టి ఒక చక్రం మూసి పంపేస్తాం. కానీ వెనక చక్రమే మూయాలి. ముందు చక్రం మూస్తే తొక్కగానే బండి రెండో పక్కకి లాగుతుందని ఎవరో చెప్పక్కర్లేదు, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ నేనే చెప్పాను. మూసిన పైపుకి ఎర్రగుడ్డ కట్టాలని కూడా చెప్పాను, మర్చిపోకుండా. ఆ రోజు గుడ్డ కూడా కట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా తోలుతున్నాడు, రోడ్డు తెలిసినవాడు, ఒక్క పూటే కదా అనుకున్నాను. టేపు అయిపోతే కాబిన్‌లో ఉన్న వల దారం తీసి చుట్టాను. ఆ దారం చూసి నువ్వు అతన్ని అనుమానిస్తావని నాకు ఎలా తెలుస్తుంది? ఆ మాట నీ ఉత్తరంలో చదివాక నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు.

చెవుల వల్ల షెడ్డు మూశానని అందరికీ చెప్పాను. చెవులు అంతకు ముందే పోయాయి, పోయినా పని చేశాను. ఏప్రిల్ తర్వాత పానా చేత్తో పట్టుకుంటే ఆ బోల్టే గుర్తొచ్చేది. అందుకు మూశాను. నువ్వు గుడివాడ రాకూడదని ఎందుకన్నానో కూడా నీకిప్పుడు తెలుసు. నీ మొహం చూసి అబద్ధం చెప్పలేను.

నువ్వు అడిగిన ప్రతి సామాను పేరూ చెప్పాను. దాని పేరు మాత్రం అబద్ధం రాశాను. దానికి పేరు లేదు. శ్రీహరి మంచి మెకానిక్కు.

నాంచారయ్య తప్పు ఇందులో ఇసుమంత కూడా లేదు. హారికకి ఇది చదివి వినిపించు. స్టేషన్లో ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. నన్ను అన్నయ్య అని పిలవమని ఇంక అడగను.

గంగాధరరావు


నాగాయలంక,
10 ఏప్రిల్ 2025.

అన్నయ్య గారికి,

మీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. మొదటిసారి చదివినప్పుడు మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పిన్ని కూతురు తలుపులు వేసేసింది, పక్కవాళ్ళు వింటారని. గుడివాడ బస్సెక్కి వచ్చి మీ చొక్కా పట్టుకుని అడుగుదామనుకున్నాను. పోలీసులకి ఇద్దామనుకున్నాను. ముందు చక్రమని తెలిసి కూడా చేశారు కదండీ. ఎర్రగుడ్డ కట్టలేదు కదండీ. ఆ కోపం నాకు పోలేదు, పోతుందని చెప్పను.

మర్నాడు మళ్ళీ చదివాను. మీరు తిరగేసి రాశారు.

ఆయన ఉండిపోతానన్నాడని, మీరు పంపించారని రాశారు. ఉండమన్నది మీరు. నాకు తెలుసు. ఆ పూట నేను ఆయనకి మూడుసార్లు ఫోన్ చేశాను. మీరు పక్కనే ఉన్నారు. నా అరుపులు మీ చెవులకి కూడా వినపడి ఉంటాయి. అవి మీరు రాయలేదు. నేనూ ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. స్టేషన్లో అడిగితే కూడా ఫోన్లేం చేయలేదన్నాను. ఆయన టీ తాగి వెళ్ళాడని మీరు రాసినప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. మీది బయటికి లాగితే నాది కూడా బయటికొస్తుందని ఊరుకున్నాను.

ఆ రోజు చెరువు గట్టు మీద పట్టుబడి అయిపోయింది. పట్టిన రొయ్య అంతా టార్పాలిన్ పట్టాల మీద పోసి ఉంది. ఎండ మండిపోతోంది. మొదటిసారి చేస్తే "బావ ఇవాళ బండి కదలొద్దంటున్నాడే" అన్నాడు. నేను "ఈ రొయ్య నెత్తిన పోసుకోనా?" అన్నాను. రెండోసారి చేస్తే "రబ్బరు సాయంత్రానికి గానీ రాదంట" అన్నాడు. "సాయంత్రానికి నన్ను కూడా ఎత్తించండి" అన్నాను. నా నోరు మీకు తెలుసు కదా. మూడోసారి ఆయనే దిగొచ్చాడు. "సరేలే, అరవకు. ఏదో పైపు మూసేసి వచ్చేస్తాను" అన్నాడు.

ఏ పైపని అడగలేదండీ నేను. మూస్తే ఏమవుతుందని అడగలేదు. "ఏదోటి మూసుకుని రా ముందు" అన్నాను. ఇరవై రెండేళ్ళు ఆ బండి పెట్టిన అన్నం తిన్నాను, దానిలో ఒక్క పైపు పేరు నాకు తెలియదు. పోయాక నోటుబుక్కు పట్టుకుని ప్రతి ఇనుప ముక్క పేరూ రాసుకుంటూ కూర్చున్నాను. బోల్టు చూడగానే ఆయనే మూసుకున్నాడని అంత గట్టిగా ఎందుకన్నానో మీకిప్పుడు తెలిసింది. ఆ మాట ఆయన నోటి నుంచి విన్నాను కాబట్టి. ఆ తప్పు ఆయన మీద వేసేస్తే నా మీదికి రాదని కూడా లోపల ఎక్కడో ఉండి ఉంటుంది. అంత నీచానికి దిగాను, చచ్చిపోయిన మనిషి మీద.

మొన్న మంగళవారం హారిక ఇంటికి వెళ్ళాను. వాళ్ళింట్లో ఇంకా భోజనాలకి ఆకులు వేయలేదు. అరుగు మీద కూర్చుని మీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. తర్వాత "ఇందులో ఒకటి తప్పు రాశాడమ్మా, మీ మావయ్యని ఉండమన్నది ఈ ఉత్తరం రాసినాయన, రమ్మన్నది నేను" అని మూడు ఫోన్లూ చెప్పాను. నా మాటలు ఒక్కటి కూడా దాచలేదు. హారిక గుమ్మం పట్టుకుని నిలబడి విన్నది.

"అయితే మావయ్య నిద్రపోలేదా?" అంది.

"లేదమ్మా."

"బ్రేకు తొక్కాడా?"

"తొక్కాడమ్మా. మలుపులో అందరూ తొక్కినట్టే తొక్కాడు. తొక్కినందుకే బండి తిరిగింది."

అది అక్కడే కూర్చుండిపోయి ఏడ్చింది. "అయ్యో మావయ్యా" అని ఏడ్చింది. ఏడాదిలో మా ఆయన కోసం నేను కాక ఇంకొకరు ఏడవడం అదే మొదలు. నాకు ఏడుపు రాలేదు. దాని ఎదురుగా ఏడ్చే హక్కు నాకెక్కడిది? కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఇంక వెళ్ళత్తా. నాన్న వచ్చేలోపు వెళ్ళిపో. మళ్ళీ రావద్దు" అంది. అత్తా అని పిలిచి మరీ రావద్దంది.

ఊరికి తెలిసిపోయింది. ఆయన నిద్రపోయాడని ఇప్పుడు ఎవరూ అనడం లేదు. నిన్న చేపల రేవులో ఇద్దరు నన్ను చూసి, నాకు వినపడేట్టే, పెళ్ళామే తరిమి చంపిందన్నారు. నేను తల దించుకుని తట్ట ఎత్తుకున్నాను. ఆయన పేరు మీద నుంచి ఆ మాట పోవాలని బయల్దేరాను. పోయింది. నా మీదికి రావడం న్యాయమే.

మీ ఉత్తరం స్టేషన్లో ఇవ్వలేదు. హారిక అడిగి తీసుకుంది. అది ఏం చేస్తుందో నేను అడగలేదు, మీరూ అడగకండి. ఎవరైనా వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈసారి నా ఫోన్లు కూడా చెప్పండి. బండి శ్రీహరి షెడ్డులోనే ఉంది. నాలుగు చక్రాలకీ కొత్త రబ్బర్లు వేశాడు. ఎవరు కొన్నా వాళ్ళు బాగుండాలి.

ఒక్కటి హారికకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఆ పూట ఆయన పక్కన ఉన్నది మీరొక్కరే కాబట్టి. ఆ మూడోసారి నేను "ఏదోటి మూసుకుని రా ముందు" అన్నాక ఆయన ఫోన్ పెట్టేయలేదు. "ఎండలో ఉన్నావు, ఏమైనా తిన్నావా?" అని అడిగాడు. నాకు వినపడింది. జవాబు చెప్పకుండా పెట్టేశాను.

మీ చెల్లెలు,
కనకరత్నం